సోలెడు జొన్నల ధర

మొన్న మా అమ్మాయి నిర్మలతో కలిసి మహబూబ్‌నగర్‌లో కొత్తగా తెరిచిన పెద్ద దుకాణానికి వెళ్లాను. బియ్యం సంచుల వరుస దాటి మలుపు తిరగగానే వేయించిన తైదల, అదే రాగుల, వాసన తగిలింది. మామూలు తైదల పిండికి ఆ వాసన రాదు. మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, సన్న సెగ మీద దోరగా వేయిస్తేనే వస్తుంది. ఒక అమ్మాయి బల్ల వేసుకుని కాగితపు గ్లాసుల్లో వేడి జావ పోసి వచ్చినవాళ్లకు రుచి చూపిస్తోంది. నేను రెండు గుక్కలు తాగేసరికి తన చేతిలోని ఫోను నా వైపు తిప్పి, "అమ్మా, గీ ప్యాకెట్ ఎంతుంటే మీరు కొంటరు? జర చెప్పుండ్రి, కంపెనీవాళ్లు అందరినీ అడగమన్నరు" అంది. ఫోనులో నాలుగు ధరలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తున్నాయి. "ఏదో ఒకటి నొక్కమ్మా, పోదాం" అంది నిర్మల. నాకు ఏదీ నొక్కబుద్ధి కాలేదు. అరవై ఏళ్ల కిందట కొత్తకోట వారపు అంగడిలో అచ్చంగా ఇదే ప్రశ్న అడుగుతూ తిరిగిన మనిషి నా కళ్లముందు నిలబడింది. ఆవిడ పేరు మార్తమ్మ. ఆ రోజంతా ఆవిడ నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మార్తమ్మ గారు పుట్టింది కొత్తకోట దగ్గరి ఒక పల్లెలో, గుంటెడు భూమి లేని ఇంట్లో. తల్లి దొర పొలంలో కూలి చేసేది. మిషన్ బోర్డింగులో చేరి చదువుకుని, నర్సు పని నేర్చుకుని, ఒక చిన్న దవాఖానలో ఏళ్ల తరబడి కాన్పులు చేశారు. ఆ దవాఖాన మూతపడ్డాక కొత్తకోటలోనే, హైదరాబాదు రోడ్డుకు కొంచెం దిగువన, రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉండేవారు. పొట్టి మనిషి. ముతక తెల్లచీర మోకాళ్లకు కొంచెం కిందుగా కట్టి విసవిసా నడిచేవారు. నర్సు ఉద్యోగం పోయినా ఊరందరికీ ఆవిడ సిస్టరమ్మే. నేను చూసేనాటికి నలభై అయిదు దాటి ఉంటాయి.

నేను మోత్కూర్‌లో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. బాపు చీరలు నేసి అంగళ్లలో అమ్మేవాడు. మా ఆయనకు కొత్తకోట బస్టాండులో టికెట్లు రాసే ఉద్యోగం రావడంతో అరవైల మొదట్లో ఆ ఊరు చేరాను. అప్పటికి నిర్మలకు ఏడాదిన్నర. నా పాలు ఆగిపోయినప్పటి నుంచి పిల్ల చిక్కిపోతూ వచ్చింది. కాళ్లు పుల్లల్లా, పొట్ట ముందుకు, జుట్టు రాగి తీగల్లా. అత్తమ్మ దిష్టి తీసేది, నేను తాయెత్తు కట్టించాను. ఒకనాడు పొద్దున నేను అరుగు మీద కూర్చుని గంజి తాగిస్తుంటే దారిన పోతున్న మార్తమ్మ గారు ఆగి, అడగకుండానే పిల్ల కనురెప్ప కిందికి లాగి చూశారు.

"గీ పిల్లకు రోగం లేదమ్మా. ఆకలున్నది" అన్నారు.

నాకు కోపం వచ్చింది. "మూడు పూటలు గంజి పోస్తున్నం సిస్టరమ్మా" అన్నాను.

"పోస్తున్నవు. కడుపు నిండుతాంది. ఒళ్లు నిండుతలేదు" అని వెళ్లిపోయారు.

సాయంత్రం ఒక కాగితపు పొట్లంతో మళ్లీ వచ్చారు. మొలకెత్తిన తైదలు, పుట్నాలు, పల్లీలు వేయించి విసిరిన పిండి. నీళ్లలో ఉడికించి బెల్లం వేసి పట్టమన్నారు. మా అత్తమ్మ గడపలో నిలబడి, "ఎవరింట్ల చేసింది ఇది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు అర్థం ఏమిటో ముగ్గురికీ తెలుసు. మార్తమ్మ గారి మొహంలో రంగు మారలేదు. "నా ఇంట్ల, నా చేతులతోని చేసిన. మీకు పట్టింపుంటే చెప్పుండ్రి, ఎట్ల చెయ్యాల్నో చూపిస్త, మీ ఇంట్లనే చేసుకోండ్రి. పిల్లకు పోయకుండ మాత్రం ఉండకుండ్రి" అన్నారు.  నేను ఇంట్లో చేయడానికి ప్రయత్నించాను. మొదటిసారి మొలకలు బూజు పట్టాయి, రెండోసారి వేపుడు మాడింది. మా ఆయన విసుక్కుని నేరుగా మార్తమ్మ గారి ఇంటికి పోయి పొట్లం తెచ్చాడు. నెల తిరిగేసరికి నిర్మల గోడ పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత పొట్లం అయిపోతోందని మా ఆయనకు గుర్తు చేసింది అత్తమ్మే.

కృతజ్ఞతతో మొదలైన రాకపోకలు నెమ్మదిగా పనిగా మారాయి. పిల్లను చంకనేసుకుని వెళ్లి తైదలు చెరిగేదాన్ని, వేయించేదాన్ని. ఆ పిండిని అందరికీ నేర్పిస్తే పోయేది కదా, అమ్మడం ఎందుకని ఒకసారి అడిగాను. "నీకే చేతకాలే, ఇంట్ల కూసునేదానివి" అని నవ్వారు. "పొద్దుగాల పోయి మాపటికి వచ్చే కూలి తల్లికి నానబెట్టుడు, మొలకలు కట్టుడు, ఎండబెట్టుడు యాడ అయితది? తయారుగ ఉండాలె. ఇంటికొచ్చి ఉడకబెడితే చాలన్నట్టుండాలె." మరి ఊరికే పంచవచ్చు కదా అంటే మాత్రం నవ్వు ఆగిపోయింది. దవాఖానలో ఉన్న రోజుల్లో పరదేశం నుంచి వచ్చిన పాలపొడి ఉచితంగా పంచేవారట. తల్లులు వరుసగా నిలబడి తీసుకునేవారు. తర్వాత ఇళ్లకు వెళ్లి చూస్తే కొందరు దూడలకు కలిపి పోస్తున్నారు. "వాళ్లను ఏమనలేం. ఉత్తగ వచ్చినదాంట్ల ఏదో లోపముంటదని వాళ్ల అనుమానం. ఇంకోటి చెప్తా విను. మా అమ్మ దొర ఇంటి ముంగట గిన్నె పట్టుకొని నిలబడేది. నేను ఆమె కొంగు పట్టుకొని నిలబడేది. కొనుక్కున్న తల్లి తల ఎత్తుకొని ఇంటికి పోతది యశోదా. నా పిండి కొనుక్కున్నదే కావాలె."

అలా ధర ప్రశ్న వచ్చింది. గిర్ని రాజయ్య సేటు తన గిర్నిలో పిండి పట్టి ఇస్తానన్నాడు. తైదలు, పల్లీలు కూడా అతని దగ్గరే కొనాలి. పొట్లానికి ఎంత ఖర్చవుతుందో తేలింది గానీ, ఎంతకు అమ్మాలో తేలలేదు. "అడిగితే తెలుస్తది గద" అని మార్తమ్మ గారు గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరారు. వెంట నేను.

మొదటి అంగడిలో మేము నేర్చుకున్నది అడిగితే తెలియదని. ఏ తల్లిని అడిగినా "నువ్వెంతంటే గంత సిస్టరమ్మా" అనేది. ఆవిడ చేతుల మీద పుట్టిన పిల్లలు ఆ ఊళ్లలో ఎంతోమంది. ఆవిడ మాట కాదనలేక ఒకామె పెద్ద ధర చెప్పి, పొట్లం తీసుకోకుండానే జనంలో కలిసిపోయింది. తిరిగొస్తుంటే నేను మా బాపు సంగతి చెప్పాను. బాపు చీర ధర ముందు చెప్పేవాడు కాదు. మడత విప్పి చేతికిచ్చేవాడు. కొనడానికి వచ్చినామె దాన్ని భుజం మీద వేసుకుని, అంచు చూసుకుని, మళ్లీ మళ్లీ తడిమాక ఒక ధర చెప్పి, కళ్లలోకి కాకుండా చేతుల వైపు చూసేవాడు. చేయి కొంగు ముడి మీదికి పోయిందా లేదా అన్నదే ఆయన లెక్క. మార్తమ్మ గారు రోడ్డు మధ్యలో ఆగి, "మీ బాపు దగ్గరికి ముందుగాలనే పోతే అయిపోతుండె" అన్నారు.

ఆ తర్వాత మేము జావ కాచి తీసుకెళ్లాం. పిల్లల చేత తాగించి, తల్లులు చూస్తుండగా ధర చెప్పడం మొదలుపెట్టాం. ఒక అంగడిలో ఒక ధర, ఇంకో అంగడిలో ఇంకో ధర. రెండణాలకు ఇస్తామన్న ఊళ్లో ఒక ముసలమ్మ పిండి వాసన చూసి, "గింత అగ్గువనా? బర్లకు పెట్టే పల్లి చెక్క కలిపినవా ఏంది?" అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు పొట్లాలు కింద పెట్టేశారు. దానికి రెండింతలు చెప్పిన ఊళ్లో మాత్రం ఆశ్చర్యంగా పిండి బాగానే పోయింది. నాకు సంతోషమైంది. మార్తమ్మ గారు వారం ఆగి అదే ఊరికి వెళ్లి, కొన్నవాళ్ల ఇళ్లకు తిరిగారు. ఒకింట్లో దగ్గుతున్న మామకు పోశారు. ఇంకో ఇంట్లో మగ్గం మీద కూర్చునే మొగుడికి బలమని పోశారు. ఒక తల్లి కొడుక్కు పోస్తూ, పక్కనే చూస్తున్న బిడ్డను దూరం జరిపింది. "గంత పైసల పిండి ఆడపిల్లకు ఎందుకమ్మా" అంది, ఏ దాపరికం లేకుండా. తిరిగొచ్చే బస్సులో మార్తమ్మ గారు తిరిగిన ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. తర్వాత అన్నారు, "ధర పెరుగుతున్న కొద్దీ పిండి పిల్లల గిన్నెల నుంచి లేచి పెద్దోళ్ల గిన్నెలల్ల పడుతాంది. పిల్ల గిన్నెల ఆగే ధర ఒకటుంటది. గది దొరకాలె."

అది దొరికింది కొత్తకోట అంగడిలోనే. బాలమ్మ అనే కూలి మనిషి రెండేళ్ల పిల్లను చంకనేసుకుని మా గంప ముందు చాలాసేపటి నుంచి నిలబడి ఉంది. పిల్ల పేరు మణెమ్మ. మేము ఇచ్చిన జావ తాగి, గ్లాసు వదలకుండా పట్టుకుంది. బాలమ్మ గ్లాసు లాగబోతే ఏడ్చింది.

"ఎంతైతే కొంటవ్ బాలమ్మా?" అని మార్తమ్మ గారు అడిగారు.

"నా దగ్గర పైసలు యాడియి సిస్టరమ్మా. మాకు కూలి గింజలిస్తరు."

మార్తమ్మ గారు ఒక్క క్షణం నివ్వెరపోయారు. కూలి తల్లి కడుపున పుట్టిన మనిషి. కూలి గింజల్లో ఇస్తారన్నది ఆవిడకు తెలియనిది కాదు. ఉద్యోగం చేసిన ఇన్నేళ్లలో జీతం చేతికి వచ్చే అలవాటు పడి ఆ సంగతి మరుగున పడిపోయింది. "అయితే గింజలే ఎన్ని ఇస్తవో చెప్పు" అన్నారు.

 బాలమ్మ పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. పొట్లం చేతిలోకి తీసుకుని బరువు చూసింది. ఎన్నాళ్లు వస్తుందని అడిగింది. "ఒక్క పిల్లకైతే మళ్ల అంగడి దాకా వస్తది" అన్నాను నేను. "సోలెడు జొన్నలిస్త" అంది బాలమ్మ. సోల అంటే మానికలో నాలుగో వంతు. మార్తమ్మ గారు తల ఊపారు. అంతకంటే ఎక్కువ అడగలేదు, తక్కువా చేయలేదు. ఆ రోజు నుంచి కొత్తకోట చుట్టుపక్కల మా పొట్లం ధర సోలెడు జొన్నలు.

రాజయ్య సేటు ఈ మాట విని తల పట్టుకున్నాడు. అయినా మంచివాడు. వచ్చిన జొన్నలు తానే కొంటానని ఒప్పుకున్నాడు. అయితే ఒక మాట చెప్పాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. "సిస్టరమ్మా, కర్నూలు బస్సులు, హైదరాబాదు బస్సులు రోజు మన ఊరి మీదికెల్లే పోతున్నయి. ఇదే పిండి రేకు డబ్బాల పోసి, మంచి చిట్టీ అంటించి, బస్టాండు కాడ ఎక్కువ ధరకు పెడదం. ఉన్నోళ్లు కొంటరు. ఆ లాభం మీద కూలోళ్లకు సగం ధరకియ్యి. కరువొచ్చినా నీ పని ఆగదు."

"ఒక్కటే పిండికి రెండు ధరలా?" అన్నారు మార్తమ్మ గారు. "సగం ధరకు తీసుకునే తల్లికి తెల్వదనుకున్నవా, ఎవరి దయ మీద వస్తాందో? వద్దు సేటు. అందరికీ ఒకటే పొట్లం, ఒకటే ధర."

"దయ కాదమ్మా, యాపారం" అన్నాడు సేటు. ఆవిడ వినలేదు. ఆ క్షణాన నాకు ఆవిడ చాలా ఎత్తైన మనిషిలా కనిపించింది. 

మొదటి రెండేళ్లు బాగా గడిచాయి. వానలు సరిగ్గా పడ్డాయి. అంగడి రోజు మా ముందు పరిచిన గోనె మీద జొన్నలు కుప్పగా పెరిగేవి. తల్లులు సోల నిండా పోసి, పైన ఇంకో పిడికెడు వేసి, పొట్లం కొంగులో కట్టుకుని, మాతో సమంగా నిలబడి మాట్లాడేవారు. మణెమ్మ నడక నేర్చి, మా గంప చుట్టూ పరిగెత్తేది. ఒకసారి బాలమ్మ తన పిల్ల చేయి పట్టుకుని ఇంకో కూలి తల్లికి చూపించి, "దీని ధర నేనే కట్టిన. సిస్టరమ్మ నన్నడిగింది" అని గొప్పగా చెప్పుకోవడం విన్నాను. మార్తమ్మ గారు కూడా విన్నారు. ఆవిడ జీవితంలో అంత తృప్తిగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

తర్వాత వానలు మొహం చాటేశాయి. మొదటి ఏడాది సగం పంట పోయింది, మరుసటి ఏడాది విత్తిన గింజలే తిరిగి రాలేదు. జొన్నల ధర ఆకాశాన్ని అంటింది. పనులు లేక కూలికి పిలిచేవాళ్లు తగ్గారు, పిలిచినవాళ్లు గింజల కొలత తగ్గించారు. మా తైదలు, పల్లీలు కూడా ప్రియమయ్యాయి. అయినా మార్తమ్మ గారు పొట్లం ధర పెంచలేదు. "ఎక్కడికక్కడ అన్నీ పెరుగుతున్నయి. మనది మాత్రం సోలెడే" అనేవారు. నిజమే, సోల మారలేదు. ఆ సోలెడు జొన్నల విలువే వాళ్ల ఇంట్లో మూడింతలైంది. మాకు అది కనిపించలేదు. కొనేవాళ్లు తగ్గుతారని అనుకున్నాం. తగ్గలేదు. ఆ కరువులో కూడా తల్లులు సోల పట్టుకుని వస్తూనే ఉన్నారు. మార్తమ్మ గారు నాతో, "చూసినవా యశోదా, ఏది మానినా పిల్లల పిండి మానలే. మనం పెట్టిన ధర కరెక్టే" అన్నారు. ఆవిడ గొంతులో గర్వం ఉంది. నాకూ ఉంది.

ఒక అంగడి రోజు మిట్టమధ్యాహ్నం బాలమ్మ వచ్చింది. వెంట అత్త, అత్త చేయి పట్టుకుని మణెమ్మ. బాలమ్మ కొంగు ముడి విప్పి జొన్నలు సోలలో పోస్తూ పోస్తూ, గోనె మీదికి ఒరిగిపోయింది. మార్తమ్మ గారు చేయి పట్టుకుని నాడి చూశారు. మొహం మీద నీళ్లు చల్లాక కళ్లు తెరిచింది.

"ఏం తిన్నవే పొద్దుగాల?"

"తిన్న సిస్టరమ్మా."

"ఏం తిన్నవ్?"

బాలమ్మ గోనె మీద ఒలికిన జొన్నలను చేత్తో దగ్గరికి తీయసాగింది. ఆమె అత్త చెప్పింది. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. "చింతగింజలు ఉడకబెట్టుకొని తింటాంది. ఆకు తెంపుకొచ్చి ఉప్పేసుకొని తింటాంది. జొన్నగట్క కాస్తే నాకు, మొగనికి పోసి, తన వంతు గింజలు పక్కకు తీసి అంగడికి దాస్తాంది. వద్దంటే వినది. సిస్టరమ్మకు మాటిచ్చిన అంటది."

మేము బాలమ్మను మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకెళ్లాం. మా ఆయన బస్సులో వెనక సీటు మొత్తం ఖాళీ చేయించాడు. అప్పటికే ఆమెకు జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. దవాఖానలో మంచం దొరికింది, సీసా ఎక్కించారు. మార్తమ్మ గారు ఆ మంచం పక్కన నేల మీదే కూర్చున్నారు. తనకు తెలిసిన నర్సు పనంతా చేశారు. ఒక పూట బాలమ్మకు తెలివి వచ్చినప్పుడు ఆవిడ వంగి, "నాతోని ఒక్క మాట చెప్పకపోతివి బాలమ్మా. కష్టమైతాందంటే నేను ఇయ్యకపోదునా?" అన్నారు.

"సోలెడని నేనే అంటి గద సిస్టరమ్మా" అంది బాలమ్మ. "నేనే అని, నేనే తప్పితే ఎట్ల?"

అది ఆమెతో మేము మాట్లాడిన ఆఖరి మాట. రెండో నాడు పోయింది. మణెమ్మ వరండాలో అవ్వ ఒడిలో ఆడుకుంటోంది. ఆ వార్డు మొత్తంలో ఒంటి మీద కండ ఉన్న పిల్ల అదొక్కతే.

తిరిగొచ్చాక మార్తమ్మ గారు మిగిలిన పిండంతా గంపకెత్తుకుని పల్లెలకు బయల్దేరారు. ఈసారి అమ్మడానికి కాదు. ఇంటింటికీ వెళ్లి పొట్లం చేతిలో పెట్టి, "ఇన్ని దినాలు నాకు జొన్నలిచ్చినవు గద, ఏం మానుకొని ఇచ్చినవ్?" అని అడిగారు. చాలామంది మొదట ఏమీ లేదన్నారు. ఆవిడ కదలకుండా కూర్చుంటే నెమ్మదిగా చెప్పారు. ఒకామె రాత్రి తిండి మానింది. ఒకామె పెద్ద కొడుకును దొర ఇంటికి పశువుల కాపరిగా పంపింది. ఒకామె చూలాలు, మాపటి ముద్ద చిన్న బిడ్డ పిండి కోసం వదిలేసింది. అందరి ఇళ్లలో అలా లేదు, కొందరికి ఆ సోలెడు నిజంగానే భారం కాలేదు. కానీ ఆవిడ చెవిలో పడ్డది మాత్రం భారమైనవాళ్ల మాటే. ప్రతి ఇంటి నుంచీ బయటికి వచ్చేటప్పుడు ఆవిడ నడక ఇంకొంచెం మెల్లగా అయ్యేది.

ఆ తర్వాత రాజయ్య సేటు దగ్గరికి పోయి, డబ్బాల పని చేద్దామని తానే అడిగారు. సేటు చేతులు జోడించాడు. గిర్నికి గింజలే రాక నెల రోజులుగా మూసేశాడు. రేకు డబ్బాలకు పెట్టే పెట్టుబడి అప్పటికి అతని దగ్గర లేదు. "అప్పుడంటే అయితుండె సిస్టరమ్మా" అన్నాడు. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగా బాధపడుతూ అన్నాడు. మార్తమ్మ గారు తల ఊపి వచ్చేశారు. వానలు పడ్డాక మళ్లీ మొదలుపెడదామని నేను ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. ఇసుర్రాయి నాకు ఇచ్చేశారు. అమ్రాబాద్ వైపు, అడవి పల్లెల్లో తిరిగి మందులిచ్చే పని ఏదో చూసుకుని, కొన్నాళ్లకే కొత్తకోట విడిచి వెళ్లారు.

అక్కడికి నేను ఒక్కసారే వెళ్లాను. నిర్మల బడిలో చేరిన కొత్త. పిల్లను చూపిద్దామని తీసుకెళ్లాను. నల్లమల అంచున చిన్న గుడిసెలో ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నిర్మలను దగ్గరికి తీసుకుని, అలవాటుగా కనురెప్ప కిందికి లాగి చూసి, "బాగున్నది" అన్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ తానే బాలమ్మ సంగతి ఎత్తారు.

"రాజయ్య చెప్పింది వినకపోతిని. ఉన్నోళ్ల పైసలు ఇటు మలిపితే బాలమ్మకు అగ్గువకు ఇయ్యొచ్చుండె. దయ అనిపించుకోవద్దు, దయ చూపొద్దు అని నా పంతం. మా అమ్మ గిన్నె నా కండ్ల ముంగట్నే ఉంటుండె. బాలమ్మ గిన్నె కనపడలే."

"మీరు కావాలని చేసింది కాదు గద" అన్నాను.

"కాదు. అయినా పోయింది గద" అన్నారు. కాసేపటికి మళ్లీ, "ఊరూర తిరిగి అడిగినం యశోదా. ఎంత ఇస్తవ్, ఎంత ఇస్తవ్ అని. ఏం మానుకొని ఇస్తవ్ అని ఒక్కరిని అడగలే. గా ఒక్క మాట ముందుగాల అడిగితే, ధర వేరే ఉంటుండె" అన్నారు.

  లేచి నిర్మలకు తేనె తెచ్చిపెట్టారు. బస్సు దాకా వచ్చి సాగనంపారు. మళ్లీ వస్తానని చెప్పాను. మా ఆయనకు బదిలీ అయ్యి, రెండో కాన్పు వచ్చి, ఆ ఏడు ఈ ఏడు అంటూ ఉండగానే ఆవిడ పోయారన్న కబురు అమ్రాబాద్ బస్సు డ్రైవర్ ఒకాయన మా ఆయనకు చెప్పాడు. అప్పటికే రెండు నెలలు దాటింది. ఎక్కడ సమాధి చేశారో ఆయనకూ తెలియదు. మణెమ్మను అవ్వ పెంచి పెద్ద చేసిందని, పెళ్లయి వేరే ఊరు వెళ్లిందని మాత్రం తర్వాత విన్నాను. ఆ పిల్లకు తల్లి గురించి ఎవరేం చెప్పారో, అసలు చెప్పారో లేదో.

మార్తమ్మ గారు నాకు పిండి చేయడం నేర్పారు, అంగట్లో నిలబడి మాట్లాడడం నేర్పారు, ఎవరి గడపలోనైనా తలవంచకుండా నిలబడడం నేర్పారు. అవన్నీ నాకు పనికొచ్చాయి. కానీ నాతో ఇప్పటికీ ఉన్నది ఆవిడ ముందుగా అడగలేకపోయిన ఆ ఒక్క ప్రశ్న. మహబూబ్‌నగర్‌లో మా వీధి ఆడవాళ్లం పొదుపు సంఘం పెట్టుకున్నప్పుడు నెలకు ఎంత కట్టాలో తేల్చడానికి కూర్చున్నాం. చదువుకున్న పిల్ల ఒకతె ఒక మొత్తం చెప్పింది. అందరూ సరేనన్నారు. చేతులెత్తమంటే అన్ని చేతులూ లేచాయి. నేను మాత్రం, "కట్టేదానికి ఎవరెవరు ఏం మానుకుంటరో చెప్పుండ్రి" అన్నాను.  ఒకరిద్దరు నవ్వారు. నేను కదలకుండా కూర్చున్నాను. చివరికి గోడవార కూర్చున్న అంజమ్మ అనే పెద్దామె కిందికి చూస్తూనే, "నా షుగర్ గోలీలు. దినం విడిచి దినం ఏసుకుంటే సరిపోతది" అంది.

ఆ పిల్ల చెప్పిన మొత్తాన్ని సగానికి తగ్గించాం. ఇంటికి వచ్చాక ఈ సంగతి మార్తమ్మ గారికి చెప్పాలని ఎంతో అనిపించింది. చెప్పుకోవడానికి ఆవిడ సమాధి ఎక్కడుందో కూడా నాకు తెలియదు.